వాపసిస్తానన్న టాన్సిల్

ముందుగా ప్రమాణం. కుడిచేయి గుండె మీద, ఎడమచేయి ఐసు డబ్బా మీద పెట్టి చెబుతున్నాను. ఇందులో రాయబోయే ప్రతి మాటా నిజం. అబద్ధమైతే నా నెత్తిన మిగిలిన నాలుగు వెంట్రుకలూ ఈ చలికాలం దాటవు. ఇంతకంటే పెద్ద ఒట్టు నా దగ్గర లేదు. దేవుళ్ల మీద వేయాల్సినవి ఎప్పుడో వేసేశాను, వాళ్లు కూడా నా మాట వినడం మానేశారు.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, నాకు గప్పాలు కొడతాడనే పేరుంది. ఆ పేరు ఊరికే రాలేదు, కష్టపడి సంపాదించుకున్నాను. ఒకసారి దవాఖాన నుంచి టాన్సిల్ తెస్తుంటే, రైల్వే గేటు దగ్గర చలికి అది డబ్బాలోనే దగ్గిందని క్యాంటీన్‌లో చెప్పాను. అందరూ నవ్వారు. జిరాక్స్ తీసే ఆయన ఒక్కడే నవ్వలేదు. "పొడి దగ్గా, తడి దగ్గా?" అని అడిగాడు. అలాంటి శ్రోత ఒక్కడు దొరికితే చాలు, మనిషి జీవితాంతం బాగుపడడు.

నేను వరంగల్‌లో ఒక కాలేజీ పరిశోధనశాలలో అటెండర్ని. గాజు సామాను కడగడం, వాడేసిన వాటిని పెద్ద ఆవిరి కుక్కర్‌లో ఉడికించడం నా పని. ఆ కుక్కర్ మన ఇంటి కుక్కర్‌కు పెదనాన్న లాంటిది, విజిల్ మాత్రం వేయదు. ఇవి కాక నాకు ఇంకో పని ఉంది, దాన్ని ఎవరికీ అప్పజెప్పను. దవాఖాన ఆపరేషన్ థియేటర్ నుంచి కోసిన టాన్సిళ్లను ఐసు మీద తేవడం.

కొండనాలుకకు చెరో పక్కన రేగుపండంత ఉంటాయవి. మాటిమాటికీ వాచి చీము పడుతుంటే డాక్టర్లు తీసేస్తారు. తీయించుకున్నవాళ్లకు అది చెత్త. మాకు అలా కాదు. రోగాలతో కొట్లాడే కణాలు కోట్లకు కోట్లు ఆ చిన్న ముద్దలో కాపలా కాస్తుంటాయి. బతికున్న మనిషి కణాలు అన్నేసి ఒక్కచోట ఇంకెక్కడ దొరుకుతాయి? అయితే తొందరగా తేవాలి. ఆలస్యమైతే సంతలో దీపాల్లా ఒక్కొక్కటీ ఆరిపోతాయి.

అది పత్తి దిగే కాలం. మార్కెట్‌కు పోయే లారీల నుంచి దూది రాలి కరెంటు తీగల మీద, తుమ్మకొమ్మల మీద, చౌరస్తాలో పోలీసాయన టోపీ మీద పట్టుకుని ఉండేది. పొద్దున్నే మంచు కూడా దిగితే ఏది దూదో, ఏది మంచో తెలిసేది కాదు. స్కూటర్ మీద కాళ్ల నడుమ ఐసు డబ్బా, ఎదురుగా తెల్లటి గాలి. నేను ముందుకు పోతున్నానో, ఊరే మెల్లగా వెనక్కి జరుగుతోందో చెప్పలేని పొద్దుటిపూటలు. నా కథల్లో సగం ఆ దారిలోనే పుట్టాయి. మిగతా సగం దారి అయిపోయాక, క్యాంటీన్ మెట్లు ఎక్కుతున్నప్పుడు పుట్టేవి.

ఆ టాన్సిళ్ల కోసం ఎదురుచూసే మనిషి ఒక పరిశోధక విద్యార్థిని. నెక్కొండ దగ్గరి పల్లె, రైతు బిడ్డ. రోజూ పొద్దున ప్యాసింజర్ రైల్లో వచ్చేది. ఆదివారాలు కూడా వచ్చేది, ఎందుకంటే గిన్నెల్లో పెంచే కణాలకు ఆదివారమంటే తెలియదు. నన్ను కాకా అనేది. నేను నలుగురిలో మేడం అని, ఇద్దరమే ఉన్నప్పుడు బిడ్డా అని పిలిచేవాణ్ని. ఆరేళ్లుగా ఒకే ప్రశ్న పట్టుకుని ఉంది. ఒక మధ్యాహ్నం ట్యూబులు కడుగుతూ ఉండబట్టలేక అడిగాను.

"బిడ్డా, గింత కష్టపడి నువ్వు చూస్తాంది ఏంది? జర నాకు సమజయ్యేటట్టు చెప్పు. క్యాంటీన్ల చెప్పుకోవాలె."

"నువ్వు చెప్తె నిజం కూడా అబద్ధమైతది కాకా."

"అందుకే చెప్పు. నీ రహస్యం నా దగ్గర పదిలంగ ఉంటది."

నవ్వింది. ఆవిరి పట్టిన అద్దం మీద వేలితో ఒక పంగల కర్ర గీసింది. పైన రెండు కొమ్మలు, కింద ఒక కాడ.

"రోగంతోని కొట్లాడే బీ కణం తయారుచేసే యాంటీబాడీ గిట్లుంటది. పై కొమ్మలు రోగాన్ని పట్టుకుంటయి. పట్టుకున్నంక ఏం చెయ్యాల్నో కింది కాడ చెప్తది. ఒక కాడ ఉంటె తల్లి కడుపుల బిడ్డ దాకా పోతది. ఇంకో కాడ ఉంటె పేగులల్ల, ఉమ్మిల కావలి కాస్తది. ఇంకోటి తుమ్ములు, దద్దుర్లు తెస్తది. మొదలు మాత్రం అన్ని కణాలు ఒక్క తీరు కాడనే పెడ్తయి. తర్వాత మారుస్తయి. కాడ మారుతది, కొమ్మలు మారయి."

"మార్చుమని ఎవరు చెప్తరు?"

"గదే నా ప్రశ్న. కణం ఒంటి మీద రిసెప్టర్లుంటయి. చేతులనుకో. టీ కణం అని ఇంకోటి వచ్చి అందుల ఒక చెయ్యి పట్టుకోవాలె. ఆ చెయ్యి పేరు సీడీ నలభై. పట్టుకుంటెనే ఇది మారనీకి తయారైతది. ఏ కాడకు మారాల్నో ఇంకో చేతికి కబురొస్తది. కబురొక్కటే వచ్చి, చెయ్యి పట్టుకునేటోళ్లు లేకపోతె ఉన్నకాడనే ఉంటది."

"మరి నువ్వు చూసేది?"

"చెయ్యి ఎంతసేపు పట్టుకోవాలె? ఒక్క రోజు పట్టుకుని ఇడిచిపెడితె దానికి యాదికుంటదా? గంతే కాకా."

"గంతేనా? ఆరేండ్ల సంది?"

"ఇంకో మాట విను. మారేటప్పుడు అది తన డీఎన్‌ఏను తానే కోసుకుంటది. నడుమ ముక్కను పారేసి, అటు కొస ఇటు కొస అతుకుపెట్టుకుంటది. పారేసింది మల్ల రాదు. వెనుకకు పోనీకి లేదు."

నేను ట్యూబు కింద పెట్టాను. ముప్పై ఏళ్లుగా ఊరందరికీ గప్పాలు కొట్టినవాణ్ని. ఇంత పెద్దది నా నోట ఏనాడూ రాలేదు.

"నన్ను ఆటపట్టిస్తానవా బిడ్డా?"

"నీ తోడు కాకా."

అద్దం మీది పంగల కర్ర నీరై కిందికి జారింది. ఆ రోజు నేను క్యాంటీన్‌కు పోలేదు.

ఆ చలికాలానికి ఆమె పరిస్థితి ఇది. ఐదు టాన్సిళ్లతో ప్రయోగం చేసింది. రెండింటికి బూజు పట్టింది. మూడు బాగా వచ్చాయి. ఇంకొక్కటి వస్తే పరిశోధన పూర్తయి, థీసిస్ ఇవ్వొచ్చు. నెలాఖరుతో గడువు సరి, ఇక పొడిగింపు లేదని కాగితం వచ్చింది. అంటే ఆ ఒక్క టాన్సిల్ మీద ఆరేళ్ల రైలు ప్రయాణాలన్నీ ఆగి ఉన్నాయి. ఆమె ఈ మాట ఎవరితోనూ అనలేదు. కిటికీలోంచి లారీల వెంట ఎగిరే దూదిని చూస్తూ నిలబడేది, అంతే.

అప్పుడు పాలకుర్తి వైపు పల్లె నుంచి ఒక కోడలు టాన్సిళ్లు తీయించుకోవడానికి వచ్చింది. మా బిడ్డ, అదే ఆ పరిశోధక విద్యార్థిని, ముందురోజే వార్డుకు పోయి అన్నీ వివరించింది. కోడలు సరేనంది గానీ, "మా అత్త రానీ, అడిగి సంతకం పెడ్త" అని ఆగింది. మర్నాడు పొద్దున నేను ఐసు డబ్బాతో పోయేసరికి అత్త వచ్చి ఉంది. మా బిడ్డ ల్యాబ్‌లో గిన్నెలు సిద్ధం చేసుకుంటోంది. కోడలు స్ట్రెచర్ మీద థియేటర్ తలుపు ముందు పడుకుని ఉంది. గొంతు వాచి మాట రావడం లేదు. అత్త ఒక చేత్తో కోడలి చెయ్యి పట్టుకుని, కోడలి చెప్పులు చంకలో పెట్టుకుని నిలబడింది. సన్నటి ముసలమ్మ. దగ్గరికి పోతే మేకల వాసన.

"ఏందయ్యా డబ్బా? ఐసుకిరీమా?"

"కాదవ్వా. నీ కోడలి టాన్సిల్ తీస్కపోనీకి."

"ఎటు?"

"కాలేజీకి. చదువు కోసం."

"టాన్సిల్ చదువుకుంటదా?"

నర్సు ఫక్కున నవ్వింది. ముసలమ్మ నవ్వలేదు.

"ఇయ్యం. దువ్వుకుంటె ఊడిన ఎంటికను గూడ ఉండ చుట్టి, తుపుక్కున ఉమ్మేసి పారేస్తం. బిడ్డల బొడ్డుతాళ్లు ఏడ పెట్టిన్నో ఇయ్యాల్టికి నాకెరుక. గసొంటిది గొంతుల ముక్క మంది చేతుల పెట్టి పోతమా? ఎవడన్న ఏమన్న చేస్తె? ఇది నన్ను నమ్మి నా ఇంటికొచ్చిన పిల్ల. రేపు దీని కన్నతల్లి అడిగితె నేనేం చెప్పాలె?"

కోడలు కళ్లు మూసుకుంది. చేతిలో పెన్ను, పొట్ట మీద కాగితం. సంతకం లేకపోతే ఆ టాన్సిల్ పసుపురంగు చెత్త సంచిలోకి పోతుంది. లోపలి నుంచి డాక్టర్ గారు ఇంకెంతసేపని అడుగుతున్నారు. ల్యాబ్ కిటికీ దగ్గర నిలబడే మా బిడ్డ వీపు నా కళ్లలో మెదిలింది. నోరు దానంతటదే తెరుచుకుంది.

"ఎవరుంచుకుంటరవ్వా? పది రోజులు చూసుకోని మల్ల నీ చేతులనే పెడ్తరు. మట్టిల పెట్టుకుంటవో, మంటల పెట్టుకుంటవో నీ ఇష్టం."

"పది రోజులల్ల మురుగదా?"

"మా కాడ ఒక పెట్టె ఉన్నది. ఒంట్ల ఉన్నంత ఎచ్చగ ఉంటది దాంట్ల. నిమ్మలంగ పండుకుంటది."

"మొత్తం ఇస్తవా?"

"ఇంత గూడ తక్కువ కాదు."

"ఒట్టు?"

"ఒట్టు. ఫికర్ చెయ్యకు."

ముసలమ్మ చంకలోని చెప్పులు సర్దుకుంది. తర్వాత కోడలి వైపు వంగి, "పెట్టవే" అంది.

ల్యాబ్‌లో నేను పక్కన నిలబడే చూశాను. మా బిడ్డ టాన్సిల్‌ను గాజు గిన్నెలో పెట్టి, రెండు బ్లేడ్లతో సన్నగా తరిగింది. జల్లెడలో వేసి మెత్తగా నొక్కింది. కింద గులాబీ రంగు నీళ్లు పాలలా చిక్కబడ్డాయి. పది నిమిషాల్లో టాన్సిల్ అనేది లోకంలో లేదు. ఇట్లా జరుగుతుందని నాకు మొదటి నుంచీ తెలుసు. అయినా పది రోజులంటే చాలా ఉందిలే అనుకున్నాను. అబద్ధం చెప్పేవాడికి రేపనేది ఎప్పుడూ చాలా దూరంలో ఉంటుంది.

ఆ నీళ్లలోంచి బీ కణాలను వేరుచేసి, చిన్న చిన్న గుంతలున్న పళ్లెంలో పోసింది. ఒక వరుసలో ఏమీ వేయలేదు. ఒక వరుసలో కబురు మాత్రం. ఒక వరుసలో కబురుతో పాటు, టీ కణం బదులు సీడీ నలభైని పట్టుకునే మందు. ఇంకో వరుసలో ఒక్క రోజు పట్టుకోనిచ్చి, మర్నాడు కడిగేయడానికి గుర్తు పెట్టుకుంది. పళ్లెం నేను ముసలమ్మకు చెప్పిన వెచ్చటి పెట్టెలోకి, ఇంక్యుబేటర్‌లోకి పోయింది. తలుపు మూతపడింది.

ఆ పెట్టెకు వీపు ఆనించి కూర్చుంటే చలికాలంలో హాయిగా ఉంటుంది. సన్నగా గుయ్‌మంటూ ఉంటుందది, తల్లి జోలపాడి నిద్రపుచ్చుతూ తానే నిద్రపోయినట్టు. మధ్యాహ్నాలు అక్కడే కునుకు తీసేవాణ్ని. ఆ పది రోజులూ ఒకే కల వచ్చింది. గులాబీ రంగు మంచులో ఒక మైదానం. దూది ఉండల్లాంటి వాళ్లు వేలమంది, ఒక్కొక్కరికి ఒంటి నిండా చేతులు. ఎవరూ మాట్లాడరు, ఎవరూ నడవరు. చేతులు చాచి ఊరికే నిలబడి ఉంటారు. ఎక్కడో ఒకరి చెయ్యి ఇంకొకరికి తగులుతుంది. తగిలినవాడు ఉలిక్కిపడి తన లోపలి నుంచి ఒక పొడుగాటి దారం తీసి, నడిమి ముక్క తెంపి, మిగిలింది ముడివేసుకుంటాడు. తెగిన ముక్క గాలిలో సున్నాలా చుట్టుకుని పైకి తేలిపోతుంది. నేను కూడా చేతులు చాచి నిలబడతాను. నా దాకా ఎవరూ రారు. చివరికి మంచులోంచి ఒక ముసలమ్మ వస్తుంది. మేకల వాసన. నా చెయ్యి పట్టుకోదు. అరచేతులు రెండూ చాచి, "ఏదయ్యా?" అంటుంది.

నాలుగో రోజుకే మా బిడ్డ మైక్రోస్కోప్ దగ్గర చిన్నగా కేకవేసింది.

"కాకా, మంచిగ పట్టుకున్నయి. గుత్తులు గుత్తులు. ఈ టాన్సిల్ ఇచ్చినామెకు దండం పెట్టాలె."

"పెడదాం బిడ్డా," అన్నాను. గొంతులో నా టాన్సిళ్లు రెండూ వాచినట్టయింది.

పదో రోజు పొద్దున కోడి మాంసం దుకాణానికి పోయాను.

"ఒక కందనకాయ ఇయ్యి."

"ఒక్కటేంది అన్నా? పిల్లికా?"

"పరిశోధనకు."

కందనకాయ కూడా ఎర్రగా, గట్టిగా, రేగుపండుకు పెద్దన్నలా ఉంటుంది. నాలుగు నీళ్లలో కడిగాను. తెల్లటి గాజుగుడ్డలో చుట్టి ఐసు డబ్బాలో పెట్టాను. ఇరవై ఏళ్లుగా టాన్సిళ్లు మోసిన అనుభవంతో, చూసినవాళ్లు ఎవరూ గుర్తుపట్టకుండా కట్టాను.

కాలేజీ గేటు పక్క మురికికాలువ మోరీ గోడ మీద ముసలమ్మ అప్పటికే కూర్చుని ఉంది. ఒడిలో కొత్త గురిగి, దాని మీద పసుపు గుడ్డ. అంత చిన్న మట్టి కుండ నేను ఎప్పుడూ చూడలేదు. టాన్సిల్ కొలతకు వెతికి వెతికి కొన్నట్టుంది. గేటు దగ్గరి కుక్క నా డబ్బా వాసన పట్టి వెంట వస్తోంది. ముసలమ్మ లేచి, కొంగు సర్దుకుని, చెప్పులు విడిచి, రెండు చేతులూ చాచింది.

నా వల్ల కాలేదు. మూట తీసి కుక్కకు విసిరేశాను. అది గాలిలోనే అందుకుని గోడ వెనక్కి పోయింది. సాక్షి కావాలంటే ఆ కుక్కనే అడగండి.

"అవ్వా, నీకు అబద్ధం చెప్పిన. ముక్క లేదు. గా దినమే సన్నగ తరిగినం. నీకిచ్చేది ఏం లేదు."

ఆమె తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. గురిగిని పసుపు గుడ్డలో చుట్టుకుని, "ఆ చదువుకునే పిల్ల యాడున్నది?" అంది.

మా బిడ్డ అప్పుడే పళ్లెం బయటికి తీసింది. పది రోజుల నీళ్లను తీసి కొలవాల్సిన రోజు అది. ముసలమ్మ గడప దగ్గరే నిలబడి సంగతంతా చెప్పింది. నేను చెప్పిన మాటలు ఒక్కటి మరవకుండా, నిమ్మలంగా పండుకుంటుందన్నది కూడా. మా బిడ్డ పళ్లెం మీద మూత పెట్టింది. నా వైపు ఒక్కసారే చూసింది.

"కాకా, ఆ సంతకం నీ గప్పాల మీద పెట్టిచ్చినవా?"

ఆమె ముసలమ్మ వైపు తిరిగింది.

"అమ్మా, ఇది మీరు ఇచ్చింది కాదు. మేం మోసంతోని తీసుకున్నం. మీరు వద్దంటె ఇప్పుడే పారేస్త."

నెలాఖరుకు ఇక తొమ్మిది రోజులే ఉన్నాయి. ఇంకో టాన్సిల్ దొరికినా పది రోజులు పడుతుంది.

"పారేస్తె యాడికి పోతది?" ముసలమ్మ అడిగింది.

"ఉడకబెట్టి, సంచిల కట్టి, బండిల పంపుతం. కొలిమిల కాలుస్తరు."

"మిగిలిన ముక్కలు?"

"గవి గూడ గట్లనే కాలినయి."

"బూడిద ఏడ పోస్తరు?"

"తెల్వదమ్మా."

ముసలమ్మ తలూపింది. లోపలికి వచ్చి స్టూల్ మీద కూర్చుంది. "ఇగ చెప్పు. గందుల ఉన్నయి బతికున్నయా?"

"బతికే ఉన్నయి. చూస్తరా?"

ఒక కన్ను మూయడం ఆమెకు చేతకాలేదు. నేను వెనక నుంచి అరచేయి అడ్డం పెట్టాను. చాలాసేపు చూసింది. కిటికీలోంచి ఒక దూది పింజ వచ్చి, ఎటు దిగాలో తెలియనట్టు తిరిగి తిరిగి ఆమె నెరిసిన జుట్టు మీద దిగింది.

"మేకపిల్లలోలె ఒకదానికొకటి ఒత్తుకోని పండుకున్నయి," అంది.

మా బిడ్డ పక్కన కూర్చుని పంగల కర్ర గీసింది. పైకొమ్మలు అవే ఉండి కింది కాడ మారడం చెప్పింది. ముసలమ్మ వింటూ వింటూ మధ్యలో చెయ్యి ఎత్తింది.

"అంటె కొడవలి అదే. వరి కొయ్యాలంటె పొట్టి పిడి. మేకలకు సుబాబుల్ కొమ్మ గుంజాలంటె గదే కొడవలిని పొడుగు దోటి కట్టెకు కడ్తం. గంతేనా?"

మా బిడ్డ పంగల కర్ర పక్కనే ఒక కొడవలి గీసింది. "ఆరేండ్ల సంది నాకు ఇంత సక్కగ చెప్పరాలేదు అమ్మా."

"మరి దోటికి కట్టుమని దానికి చెప్పేదెవరు?"

"ఇంకొకటి వచ్చి చెయ్యి పట్టుకోవాలె. పట్టుకోనిది మారదు."

ముసలమ్మ మళ్లీ మైక్రోస్కోప్‌లోకి వంగింది. ఈసారి కన్ను తానే మూసుకుంది. "మత్తు సూది ఇచ్చెదాక నా కోడలు నా చెయ్యి ఇడువలేదు," అంది, మాకో, లోపలున్న వాటికో తెలియలేదు. తర్వాత కొంగు ముడిలోంచి ఫోన్ తీసి, కోడలికి చేసి, అందరికీ వినబడేటట్టు పెట్టించింది. నా మోసం ముందు చెప్పింది. తర్వాత అడిగింది.

"నీయి ఈడ బతికే ఉన్నయే. పారేయుమందునా, చదువుకోనిద్దునా?"

అటు నుంచి ఇంకా మానని గొంతు గరగరా వచ్చింది.

"నేనైతె చదువుకోలేదు అత్తా. అవన్న చదువుకోనీ."

మా బిడ్డ పళ్లెంలోని నీళ్లు తీసి ఫ్రీజర్‌లో పెట్టింది. ఇంకో సంతకం వచ్చేదాకా ముట్టనని చెప్పింది. ఆదివారం బస్సెక్కి ఆ పల్లెకు పోయింది. నన్ను రావద్దంది. కాగితంలోని ప్రతి ముక్కా చదివి, ఏది వాపసు రాదో, ఏది కాలిపోతుందో చెప్పి, కోడలితో కొత్తగా సంతకం పెట్టించుకుని వచ్చింది. సోమవారం కొలిచింది. రంగు నీళ్లు వేస్తే, యాంటీబాడీ కాడ మారిన గుంత నీలం అవుతుంది, ఆఖర్న ఒక్క చుక్క ఆమ్లం పడగానే పసుపు. ఏమీ వేయని వరుస తేటగా ఉంది. కబురొక్కటే వచ్చిన వరుస కూడా తేటనీరే. కబురూ, చెయ్యీ రెండూ అందిన వరుస బంతిపూల వరుసలా వెలిగింది. ఒక్క రోజు పట్టుకుని విడిచిపెట్టిన వరుస, కడిగిన పసుపుకొమ్ము నీళ్లలా, లేత పసుపు. ఎంతో కాదు, కొంచెం. గుర్తుంచుకున్నాయి.

ఆమె బల్ల మీద తల పెట్టుకుంది. ఏడుస్తోందనుకున్నాను. చూస్తే నిద్రపోయింది. గడువుకు రెండు రోజుల ముందు థీసిస్ ఇచ్చింది. గురిగిని ముసలమ్మ ల్యాబ్‌లోనే వదిలిపోయింది. కిటికీలో ఉందిప్పుడు, పెన్నులు పెట్టుకుంటున్నాం. దవాఖానలో నేను ఐసు గురించి తప్ప నోరు తెరవకూడదని మా బిడ్డ పెట్టిన కట్టుబాటు, ఆమె ఉద్యోగానికి పోయాక కూడా నడుస్తోంది.

ఇక ఒట్టు సంగతి. నిన్న దువ్వుకుంటుంటే ఆ నాలుగు వెంట్రుకల్లో ఒకటి ఊడి దువ్వెనకు వచ్చింది. అందుకని చెప్పేస్తున్నాను.

కణం తన డీఎన్‌ఏను తానే కోసుకోవడం మీకు గప్పంలా అనిపించి ఉంటుంది. అది నిజం. ఒంటి మీది చెయ్యి ఎవరో పట్టుకుంటేనే అది మారుతుందన్నదీ నిజం. ముసలమ్మ కొడవలి నిజం, కోడలి గొంతు నిజం, పసుపు రంగు నిజం. నేను కల్పించింది గేటు దగ్గర నాకు వచ్చిన ధైర్యం. ఆ కుక్కకు ఏమీ దొరకలేదు.

నేను ఆ మూటను ముసలమ్మ చేతుల్లో పెట్టాను. ఆమె దాన్ని కళ్లకద్దుకుంది. గురిగిలో పెట్టబోయి ఆగింది. బరువు చూసింది. గుడ్డ విప్పి బొటనవేలితో ఒక్కసారి నొక్కింది.

"యాభై ఏండ్ల సంది కోళ్లు కోస్తాన్న కొడకా. నా కోడలు నీకు కోడిలెక్క కనబడ్డదా?"

అప్పుడు చెప్పాను నిజం, ఇంకేం మిగలక. అంతా విన్నది. గుడ్డను మళ్లీ నేను కట్టినట్టే కట్టి, నా అరచేతిలో పెట్టి, వేళ్లు మూసింది. ఐసు చల్లదనం ఇంకా పోలేదు.

"తీస్కపోయి వండుకో," అంది. "కడుగుడైతె మంచిగనే కడిగినవ్."